గ్రేసమ్మ టీచరు ఇంగ్లీషు

పోయిన నెలలో జమ్మలమడుగుకు ఇద్దరు ఇంగ్లీషువాళ్ళు వచ్చారు. అన్నాచెల్లెళ్ళు, ఇద్దరూ డెబ్బై దాటినవాళ్ళే. వాళ్ళ మేనత్త ఒకప్పుడు ఇక్కడ ఆసుపత్రిలో నర్సుగా చేసి ఇక్కడే చనిపోయిందట. ఆమె సమాధి చూసుకుని పోదామని అంత దూరం నుంచి వచ్చారు. నేను ప్రొద్దుటూరులో ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి, మాటసాయానికి నన్ను రమ్మని తెలిసినవాళ్ళు కబురు చేశారు. వాళ్ళకంటే కాస్త ముందుగా నేను సమాధుల తోట గేటు దగ్గరికి చేరాను. కాపలా మనిషి బీడీ తాగుతూ కూర్చుని ఉన్నాడు. "యాడికమ్మా? తాళం ఆఫీసులో ఉండాది. ఆయప్ప లేడు, రేపు రాపో" అన్నాడు, నా ముఖం కూడా చూడకుండా. అంతలో కారు వచ్చింది. ఆ ఇంగ్లీషాయన దిగి, టోపీ తీసి, కాపలా మనిషితో ఇంగ్లీషులో ఏదో ఒక్క మాట అన్నాడు. అంతే, కాపలా మనిషి లేచి నిలబడ్డాడు. బీడీ పారేసి, తలగుడ్డ తీసి భుజాన వేసుకుని, ఆఫీసులో ఉందన్న తాళంచెవిని తన నడుము నుంచే తీశాడు. చుట్టూ పదిమంది చేరారు. ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మురిసిపోతున్నారు. ఒక ముసలామె నా చెయ్యి పట్టుకుని, "ఏమన్నాడో తెల్దు గానీ పాపా, ఎంత బాగ అన్నెడో సూడు" అంది. ఆయన అడిగింది మరుగుదొడ్డి ఎక్కడుందని.

నాకు నవ్వు రావలసింది, రాలేదు. ఆ ముఖాలు నాకు బాగా తెలుసు. ఆ గొంతు చెవిన పడగానే నడుము దానంతట అది నిటారు కావడం, కళ్ళలో ఒక రకమైన భయమూ ముచ్చటా కలిసి మెరవడం, అర్థం కాకపోయినా తల ఊగడం, ఇవన్నీ నేను చిన్నతనంలో ఎన్నోసార్లు చూశాను. చూసి గర్వపడ్డాను. ఒకసారి ఆ గర్వంతోనే మా ఇంటిని ముంచాను. వాళ్ళు మేనత్త సమాధి మీద ఎండుటాకులు తీసి శుభ్రం చేస్తుంటే, నేను వెనక వరుసలో, నాకు ఇంగ్లీషు నేర్పిన గ్రేసమ్మ టీచరును పెట్టిన చోటికి పోయి నిలబడ్డాను. ఆమె పోయి ఏడాది దాటింది. మట్టి ఇంకా పూర్తిగా అణగలేదు.

మాది తొండూరు దాపున ఒక పల్లె. గొర్లు మేపుకునే ఇల్లు. నాయన కాలానికి రెండెకరాల చేను అమరింది గానీ, మమ్మల్ని బతికించింది గొర్ల మందే. ఇంట్లోకి అడుగు పెడితే ముందు గొర్రె వాసన, ఆ వెనక పొయ్యి మీద సంగటి ఉడికే వాసన, దాని వెనక మా అవ్వ నమిలే పొగాకు వాసన వచ్చేవి. అమ్మ తెల్లవారకముందే దొడ్డి ఊడ్చి, పిల్లలున్న గొర్లను వేరు చేసి, వేరుశనగ గింజలతో చెనిక్కాయ పచ్చడి నూరి సంగటి ముద్దల్లో గుంట చేసి పెట్టేది. అవ్వ వసారాలో కూర్చుని కదురుతో ఉన్ని వడికేది. ఆమె వేళ్ళు ఎప్పుడూ ఆగేవి కావు. నోరు కూడా అంతే. పొద్దు వాలేసరికి మాత్రం ఊరంతా మాటలు తగ్గించేది. మా ఊళ్ళో రెండు వర్గాలు. పైన పార్టీల పేర్లు మారుతుండేవి, జెండాల రంగులు మారుతుండేవి, కింద పగ మాత్రం అవే రెండు గుంపుల మధ్య ఉండేది. ఏ వర్గమూ కాకుండా బతికే వీలు లేదు. మనం ఏ వీధిలో ఉన్నామో, ఏ బావి నీళ్ళు తాగుతున్నామో దాన్నిబట్టి మన వర్గం ఏదో వాళ్ళే తేల్చేవాళ్ళు. మాది ఒక వర్గం నాయకుడి వీధి, ఊరంతా ఆయనను పెద్దాయన అనేది, కాబట్టి మేము పెద్దాయన మనుషులం. ఆయనతో మా నాయన నాలుగు మాటలు మాట్లాడి ఉంటాడో లేదో.

నన్ను ఊళ్ళో ఉంచితే చదువు సాగదని, జమ్మలమడుగులో ఆడపిల్లల హాస్టలున్న ఒక మిషన్ బళ్ళో వేశారు. అక్కడ మాకు ఇంగ్లీషు చెప్పేది గ్రేసమ్మ టీచరు. నల్లగా, సన్నగా, ఎప్పుడూ గంజి పెట్టిన నూలు చీరలో ఉండేది. వాళ్ళమ్మ ఆసుపత్రి నర్సు దొరసానుల బంగళాలో వంట చేసేదట. ఆమె పొయ్యి దగ్గర, ఈమె వసారాలో. దొరసానులు టీ తాగుతూ మాట్లాడుకునే మాటలు వింటూ, వాళ్ళ కుక్కతో ఆడుకుంటూ, తెలుగు కంటే ముందు ఇంగ్లీషు పట్టుకుంది. మేము "వాటర్" అంటే ఆమె "వోట" అనేది. "గర్ల్" అంటే మధ్యలో రకారమే వినపడేది కాదు. "టీచరు ర అక్షరం మింగేస్తాదే" అని మేము రాత్రి అన్నాల దగ్గర నవ్వుకునేవాళ్ళం. అదే మనిషి తెలుగు ఎత్తుకుంటే అచ్చం జమ్మలమడుగు. "ఏందే గంగులమ్మా, యాడ సూచ్చాండావ్? పలక ఈడుంటే కండ్లు కిటికీలో ఉండాయి" అని నన్ను కేకేసేది. ఒకే నోట్లో ఆ రెండు గొంతులు ఎలా ఉంటాయా అని నాకు ఆశ్చర్యంగా ఉండేది.

ఆమెతో బజారుకు పోవడమంటే మాకు పండగ. బస్సులో కండక్టరు చిల్లర లేదని విసుక్కుంటుంటే, ఆమె తల తిప్పకుండా ఇంగ్లీషులో ఒక్క మాట అనేది. చిల్లర వచ్చేది, సీటూ వచ్చేది. ఆఫీసుల్లో గుమాస్తాలు ఫైళ్ళలోంచి తల ఎత్తేవాళ్ళు. తొలిసారి మా అవ్వ హాస్టలుకు వచ్చినప్పుడు, టీచరు వేరే ఎవరితోనో ఇంగ్లీషు మాట్లాడుతుంటే విని, అంత దూరం నుంచే రెండు చేతులూ జోడించింది. "దొర మాట వినపడితే మా నాయన గొంగడి కూడా తీసేసేటోడు" అని తర్వాత చెప్పింది. నేను టీచరు గొప్పతనమే చూశాను గానీ ఇంకొకటి చూడలేదు. ఆ గొంతు వెనక నుంచి వినపడితే లేచిన వాళ్ళు, వెనక్కి తిరిగి మనిషిని చూశాక మళ్ళీ కూర్చునేవాళ్ళు. కొందరు లేచినందుకు సిగ్గుపడి, ఆ సిగ్గు ఆమె మీద చూపించేవాళ్ళు. "వంటామె కూతురికి ఇంత వయ్యారమా" అని ఆమె వినేట్టే అనేవాళ్ళు. ఒకసారి నేను, నాకు కూడా అచ్చం మీలాగ మాట్లాడడం నేర్పించమని అడిగాను. ఆమె, "దొరసానులు నాకు మాటైతే నేర్పిచ్చిరి పాపా. వాళ్ళ బల్ల కాడ కూచోబెట్టలా" అంది. అప్పుడు నాకు ఆ మాట అర్థం కాలేదు.

మా అన్న ఓబులేసు నాకంటే నాలుగేళ్ళు పెద్ద. ఐదుతో చదువు మానేసి మందతో తిరిగాడు. మీసాలొచ్చే వయసులో పెద్దాయన జీపు తుడవడానికి పోయి, తుడుస్తూ తుడుస్తూ తోలడం నేర్చుకున్నాడు. జీపంటే వాడికి పిచ్చి. కత్తులూ బాంబులూ వాడికి తెలియవని నేను అనను. అవి ఆ జీపులోనే పోయేవి, సీటు కింద ఏముందో తెలియకుండా ఎవడూ తోలడు. కానీ వాడి మనసంతా ఇంజను చప్పుడు మీదే ఉండేది. నెలకోసారి చెనిక్కాయ ఉంటలు, కారం బొరుగులు తీసుకుని హాస్టలుకు వచ్చేవాడు. గేటు దగ్గర నాతో రెండు మాటలు మాట్లాడి, "మీ టీచరమ్మను పిలువు" అనేవాడు. ఆమె వస్తే, చేతులు కట్టుకుని, "టీచరమ్మా, ఒగ మాట ఇంగ్లీషులో అనమ్మా, యినిపోతా" అనేవాడు. ఆమె నవ్వి, తినేసి వచ్చావా, అమ్మ బాగుందా, ఇలాంటివే అడిగేది, ఇంగ్లీషులో. వాడు కళ్ళు మూసుకుని వినేవాడు. పాట వింటున్నట్టు. ఆ గొంతు విని భయపడని మనిషి నాకు తెలిసి వాడొక్కడే. "ఏమన్నెనో సెప్పు సూద్దాం" అని ఆమె అడిగితే, "నేను మంచోడినని అన్నెవు" అనేవాడు. ఆమె కాదనేది కాదు.

నేను పది పూర్తిచేయబోతున్న ఏడు ఎన్నికలు వచ్చాయి. మా ఊరి పోలింగు బూతు దగ్గర గొడవ జరిగింది. రాళ్ళు లేచాయి, ఆ వెనక బాంబులు పడ్డాయి. అవతలి వర్గం మనిషి ఒకడు దెబ్బలు తిని, కడప ఆసుపత్రిలో ప్రాణం విడిచాడు. మా అన్న ఆ పొద్దు జీపు నిలిపింది బూతుకు దూరంగానే గానీ, పోలీసులు దొరికిన వాళ్ళను దొరికినట్టు ఎత్తుకుపోయారు. అలా ఎత్తుకుపోయిన ఐదుగురిలో నలుగురి పేర్లు ఫిర్యాదులో ఉన్నాయి. వాళ్ళను కోర్టుకు తీసుకుపోయి జైలుకు పంపారు. మా అన్న పేరు లేదు. పేరు లేదు కాబట్టి కేసూ లేదు, కేసు లేకపోయినా వదలలేదు. ఏదన్నా చెబుతాడేమోనని నాలుగు రోజులు స్టేషన్లోనే ఉంచి కొట్టారు. అది ఏ స్టేషనో ఇక్కడ రాయను.

నాయన హాస్టలు గేటు దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. నన్ను చూసి లేవలేకపోయాడు. "అబ్బోని చెయ్యి ఇంత లావు వాసింది పాపా. అన్నం ముద్ద ఎత్తుకోలేకపోతాండాడు, నేనే పెట్టొచ్చినా" అన్నాడు. అమ్మ ఏమందని అడిగాను. "మీయమ్మకు మతి లేదు. ఆడ్నే ఉండనీ, దెబ్బలైతే మానుతాయి, స్టేషన్లో ఉంటే పాణమన్నా ఉంటాది అంటాది. తల్లి అనే మాటేనా అది?" అన్నాడు నాయన. ఆ రోజుల్లో మగవాళ్ళు జైల్లో ఉంటేనే మా వైపు ఆడవాళ్ళు నెమ్మదిగా నిద్రపోయేవాళ్ళు. అమ్మ మాట మతి లేని మాట కాదు. కానీ నాకు వాసిన చెయ్యి తప్ప ఇంకేమీ కనపడలేదు. నేరుగా టీచరు గదికి పరిగెత్తాను.

ఆమె చీర మడతపెడుతూ విన్నది. "ఆడికి పోయి నేనేం చెయ్యాల గంగూ?" అంది. "ఇంగ్లీషులో మాట్లాడండి టీచర్, మీరు మాట్లాడితే వదిలేస్తారు" అన్నాను. ఆమె చీర పక్కన పెట్టింది. "లేసి నిలబడతారు. అది నాకు తెలుసు. ఆ తర్వాత ఏం చేస్తారో తెల్దు" అంది. నేను ఆమె కాళ్ళు పట్టుకున్నాను. ఏడుస్తూనే ఉన్నాను గానీ, లోపల ఎక్కడో ఒక ఉత్సాహం కూడా ఉంది. మా టీచరు ఎవరో ఆ పోలీసులకు చూపించాలి. ఆ ఉత్సాహం ఇన్నేళ్ళలో ఎప్పుడు గుర్తొచ్చినా నాకు నా మీద అసహ్యం పుడుతుంది.

మరుసటి పొద్దున ముద్దనూరు మీదుగా బస్సులో టీచరు, నాయన, నేను ముగ్గురం పోయాం. ఎస్సై కోస్తా నుంచి కొత్తగా వచ్చిన చిన్న వయసువాడు. ముందు నాయన లోపలికి పోయాడు. మేము వరండాలో ఉన్నాం. "సామీ, మా అబ్బోడు ఏ పాపం ఎరగడు, ఇడిసిపెట్టండి సామీ, మీ కడుపున పుట్టినోడు అనుకోండి" అన్నాడు నాయన. లోపలి నుంచి నవ్వు వినపడింది. "ఏం భాషరా నాయనా మీది! తెలుగులో చెప్పు, ముందు తెలుగులో మాట్లాడ్డం నేర్చుకుని రా" అని ఎస్సై. మా నాయన ఆ వయసులో తన నోటి మాట తప్పని మొదటిసారి విన్నాడు.

అప్పుడు టీచరు తలుపు అవతల నుంచే మాట్లాడింది. గట్టిగా కూడా కాదు. ఏ నేరం మీద ఆ అబ్బాయిని పట్టుకున్నారు, ఏ మెజిస్ట్రేటు ముందు నిలబెట్టారు, ఇన్ని రోజులు ఉంచమని చెప్పిందెవరు అని, ఆ పెదవుల చివరి ఇంగ్లీషులో, వసారాలో టీ తాగుతూ అడిగినట్టు అడిగింది. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు నాకు వినపడింది. ఎస్సై లేచాడు. ఆమె లోపలికి పోయాక మనిషిని చూశాడు, నల్లటి ఆమె, నూలు చీర, పాత తోలు చెప్పులు. ఒక్క క్షణం తికమకపడ్డాడు. కానీ ఆమె ఇంకో రెండు వాక్యాలు మాట్లాడేసరికి అతనికి కూర్చునే ధైర్యం లేకపోయింది. ఇలా మాట్లాడే మనిషి వెనక ఎవరున్నారో, మద్రాసులో ఎవరో, ఢిల్లీలో ఎవరో అనుకున్నాడేమో. "ప్లీజ్ మేడమ్, సిట్ మేడమ్" అన్నాడు. టీ తెప్పించాడు. మా నాయనకు కూడా ఒక స్టూలు వేయించాడు. పది నిమిషాల్లో మా అన్నను బయటికి తెచ్చారు. ఒక పక్కకు ఒరిగి నడుస్తున్నాడు. అయినా టీచరును చూసి నవ్వాడు.

ఆ స్టేషన్లో మస్తాన్ అని ఒక హెడ్ కానిస్టేబుల్ ఉండేవాడు. ప్రొద్దుటూరు మనిషి, రిటైర్మెంటుకు దగ్గరపడ్డవాడు, చొక్కా మెడ దగ్గర చిరిగి కుట్టు వేసి ఉంది. మా అన్న చేత కాగితం మీద వేలిముద్ర వేయిస్తుండగా టీచరు నా దగ్గరికి వరండాలోకి వచ్చింది. ఆయన కూడా వచ్చి, మా ఇద్దరి పక్కన నిలబడి, అటెటో చూస్తూ మెల్లగా అన్నాడు. "టీచరమ్మా, నా మాట యినండి. ఇంకొక వారం ఈడ్నే ఉండనీయండి. సచ్చిపోయినోని దినం కాలేదు. దినమయ్యేదాకా వాళ్ళ రగతం సల్లారదు. ఈడి పేరు కాయితంలో లేదంటే వాళ్ళ మనసులో లేదని కాదు. రోడ్డు మీద కాసుకోనుండారు. ఇంగ కొట్టకుండ నేను సూసుకుంటా, అల్లా మీద ఆన." అంతలో లోపలి నుంచి ఎస్సై, "ఏం మస్తాన్, మేడమ్‌కు ఏం అడ్డం పడుతున్నావు?" అని అరిచాడు. ఆయన "ఏం లేద్సార్" అని తప్పుకున్నాడు. టీచరు ఆయన వైపు చూసిందో లేదో కూడా నాకు తెలియదు. నేను మాత్రం చూశాను. లోపలున్న ఎస్సైనే లేచి నిలబడితే, ఈ చిరిగిన చొక్కా ముసలాయన మాకు చెప్పేదేమిటి అనుకున్నాను. "పదన్నా" అన్నాను.

బస్టాండులో టీచరు ఒక మాట అడిగింది. "ఓబులేసూ, మాతో జమ్మలమడుగుకు రా. చెయ్యి ఆసుపత్రిలో చూపిచ్చి, రెండు వారాలు ఆడ్నే ఉందువు" అంది. అప్పుడైనా నేను హెడ్డు చెప్పిన మాట వాడికి చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. గెలిచి వస్తున్న సంతోషంలో అది నాకు అపశకునంలాగా తోచింది. "అమ్మను సూడాల టీచరమ్మా. సూసి, రెండు దినాలకు వచ్చా" అన్నాడు అన్న. నాయనతో కలిసి తొండూరు వైపు బస్సెక్కాడు. కిటికీలోంచి వాపు లేని చెయ్యి ఊపాడు.

మూడో రోజు, ఎండ బాగా ఎక్కిన వేళ, గొర్ల దొడ్డికి ముళ్ళకంప కొట్టుకొస్తానని పోయి తిరిగి రాలేదు. మా చేనుకూ ఊరికీ మధ్య దారిలోనే అవతలి వాళ్ళు కాసుకున్నారు. పొలాల్లో మనుషులున్నారు. అందరూ చూశారు, ఎవరూ చూడలేదు. అన్నం గిన్నె తెచ్చిన అమ్మే శవాన్ని మొదట చూసింది. మా ఊరి బస్సు కండక్టరు హాస్టలు గేటు దగ్గర దిగి, లోపలికి వచ్చి నాకు చెప్పాడు, నేను టీచరు గదిలో వ్యాకరణం రాసుకుంటుండగా.

టీచరు నాతో మా ఊరికి వచ్చింది. ఇంటి ముందు మగవాళ్ళు ఎవరూ లేరు. పోలీసులు మళ్ళీ వస్తారని గుట్టల్లోకి పోయారు. ఆడవాళ్ళే ఉన్నారు. అవ్వ కదురు పక్కన పెట్టేసింది. ఆ వేళ్ళు ఊరికే ఉండడం నేను మొదటిసారి చూశాను. టీచరు వచ్చి అమ్మ ముందు నేల మీద కూర్చుంది. ఏదో చెప్పడానికి నోరు తెరిచింది. దుఃఖంలో ఆమెకు మొదట వచ్చిన మాట ఇంగ్లీషు మాట. అమ్మ చెయ్యి ఎత్తింది. కోపంగా కాదు, ఈగను తోలినట్టు. "వద్దు టీచరమ్మా, మాట్లాడొద్దు. నీ మాటకు పోలీసోళ్ళు లేసి నిలబడిరంట గదా. మా ఇంటాయప్ప చెప్పె. నా కొడుకు లేయల్యా" అంది. టీచరు తల వంచుకుని సాయంత్రం బస్సు వేళ దాకా అలాగే కూర్చుంది. పోయేటప్పుడు అమ్మ పాదాలు ముట్టుకుంది. అమ్మ కాళ్ళు వెనక్కి తీసుకోలేదు, ముందుకూ పెట్టలేదు.

నేను పదిహేను రోజులకు బడికి తిరిగి పోయాను. ఆ పొద్దు ఇంగ్లీషు పాఠంలో టీచరు పుస్తకం తెరిచి చదవడం మొదలుపెట్టగానే పిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ప్రతి రకారమూ వినపడుతోంది. మేము ఎలా పలుకుతామో అలాగే, రాళ్ళ మీద బండి నడిచినట్టు చదివింది. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె ఆగలేదు. పాఠం అయ్యాక అందరూ పోయినా నేను కూర్చున్నాను. ఆమె నల్లబల్ల తుడుస్తూ వెనక్కి తిరగలేదు. ఆ రోజు నుంచి ఆమె నోట ఆ పాత ఇంగ్లీషు మళ్ళీ ఎవరూ వినలేదు. బస్సులో నిలబడే పోయేది. ఆఫీసుల్లో మనలాగే తెలుగులో బతిమాలుకునేది. కొత్తగా వచ్చిన పిల్లలకు ఆమె ఒకప్పుడు అలా మాట్లాడేదంటే నమ్మకం కుదిరేది కాదు.

అమ్మ నన్నెప్పుడూ ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది. నాయన మాత్రం పోలీసులను, అవతలి వాళ్ళను, పెద్దాయనను, చివరికి దేవుణ్ణి కూడా తిట్టి, ఆ తిట్లతోనే ముసలివాడై పోయాడు. పెద్దాయన కొడుకులూ అవతలి వాళ్ళ కొడుకులూ ఇప్పుడు ఒకే పార్టీలో ఉన్నారు. పులివెందులలో ఏదో పెళ్ళిలో పక్కపక్కన కూర్చుని భోజనం చేస్తుంటే చూశాను. ఒకరి ఆకులో ఒకరు నెయ్యి వేసుకుంటున్నారు. పగ ఆగిపోవడం మంచిదే, ఎవరు కాదంటారు? కానీ ఆ నెయ్యి గిన్నె అప్పుడే అటు జరిగి ఉంటే, మా అన్నకు ఇప్పుడు మనవళ్ళుండేవాళ్ళు. బాంబులు పోయి కాంట్రాక్టులు వచ్చాయి. మా ఊరి పిల్లలకు ఆ వర్గాల పేర్లే తెలియవు. మా చేను పక్క దారిలో తారు రోడ్డు పడింది.

నేను ఇంగ్లీషు టీచర్నే అయ్యాను. వేరే ఏదీ తోచలేదు. ప్రొద్దుటూరులో ఇప్పుడు వీధికొకటి ఇంగ్లీషు నేర్పే సెంటరు ఉంది. "మేడమ్, మా పాపకు ఆ లండన్ వాళ్ళ యాస వస్తుందా?" అని అడిగే తల్లిదండ్రులు ఎందరో. దుబాయిలో, కువైట్‌లో పనిచేసే కొడుకులు అక్కడి దొరల గొంతును ఫోన్లో అనుకరించి చూపిస్తే, ఇంట్లోవాళ్ళు ముక్కున వేలేసుకుని వింటారు. నేను వాళ్ళను తప్పుపట్టను. ఆ గొంతుకు తలుపులు తెరుచుకుంటాయన్నది అబద్ధం కాదు, నేను చూశాను. కానీ నా క్లాసులో ఒక అలవాటు పెట్టుకున్నాను. పిల్లలు ఎంత మోటుగా, ఎంత పల్లెగా మాట్లాడినా వాక్యం పూర్తయ్యేదాకా మధ్యలో దిద్దేదాన్ని కాదు. చేతిలో పని ఆపి వినేదాన్ని. తోటి టీచర్లు దాన్ని నా మెతకతనం అనుకున్నారు.

గ్రేసమ్మ టీచరు పోయే ముందు ఏడు, జమ్మలమడుగులోనే తన అక్క మనవరాలి ఇంట్లో మంచం మీద ఉండేది. నేను నెలకోసారి పోయి కూర్చునేదాన్ని. ఒక మధ్యాహ్నం మనవరాలు బట్టలు ఆరేయడానికి మిద్దె మీదికి పోయింది. టీచరు కళ్ళు మూసుకుని ఉంది, నిద్రపోయిందనుకున్నాను. "గంగూ" అంది. ఏంది టీచర్ అన్నాను.

"ఆ పొద్దు హెడ్డు చెప్పింది నీకు ఇనపడిందా?"

మేమిద్దరం ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు. ఎవరైనా అడిగితే వినపడలేదని చెప్పడానికి నేను చిన్నప్పటి నుంచి సిద్ధంగా ఉన్నాను. అమ్మకు అలాగే చెప్పాను, నాయనకు అలాగే చెప్పాను. ఆయన ఏదో గొణిగాడు, రోడ్డు మీది మోతలో తెలియలేదని. ఆ అబద్ధం ఎంత పాతబడిందంటే, కొన్ని రోజులు నేనే దాన్ని నమ్మేదాన్ని. ఆ ముసలి ముఖం చూస్తూ మాత్రం నోరు రాలేదు.

"ఇనపడింది టీచర్. అంతా ఇనపడింది."

ఆమె కళ్ళు తెరవలేదు. దుప్పటి కింద నుంచి చెయ్యి తీసి నా చెయ్యి వెతుక్కుంది.

"నాకూ ఇనపడింది" అంది. "ఆయప్ప మనట్లనే మాట్లాడినాడు గదా పాపా. అందుకే ఇద్దురం ఇనలా."